మనసుకు పరిచర్య

'పిచ్చివాడి చేతిలో రాయి' అన్న నానుడి తెలుగువారందరికీ పరిచితమే. ఆ రాయి ఎప్పుడు ఎవరి మీద పడుతుందో తెలియదన్నది అందులోని భయం. ఊళ్లలో జరిగేది మాత్రం చాలావరకు ఇందుకు విరుద్ధం. మతి చలించిన మనిషి వీధిలో కనిపిస్తే రాయి పట్టుకొనేది అతని వెంటబడే పిల్లలు. దెబ్బ తినేది అతడు. సామెత మాత్రం రాయిని అతని చేతిలోనే పెట్టింది.

హైదరాబాదు నగరంలో ఈ భయానికి ఒక చిరునామా కూడా ఉంది. స్నేహితులు ఒకరినొకరు ఆటపట్టించుకొనేటప్పుడు 'నిన్ను ఎర్రగడ్డకు పంపాలి' అంటారు. ఎర్రగడ్డలో రైతు బజారు ఉంది, ఛాతీ వ్యాధుల ఆసుపత్రి ఉంది, వేలాది కుటుంబాలు ఉన్నాయి. అయినా ఆ పేరు వినగానే జనానికి స్ఫురించేది మానసిక వైద్యశాల ఒక్కటే. ఒక ప్రాంతం పేరే పరిహాసంగా మారినచోట, ఆ వైద్యశాలలోని వార్డులో రాత్రంతా మేలుకొని రోగులను కనిపెట్టుకొని ఉండటానికి ముందుకు వచ్చే యువతీయువకులు ఎవరు? వారు ఏమి చదువుతారు? ఉద్యోగంలో చేరిన తొలినాళ్లలో ఏమి నేర్చుకొంటారు?

వారిలో పలువురి ప్రయాణం నగరానికి తూర్పు కొసన మొదలవుతుంది. నల్లగొండ నుండి, సూర్యాపేట నుండి, ఖమ్మం నుండి వచ్చే బస్సులు విజయవాడ రహదారి మీదుగా నగరంలో ప్రవేశించే చోటు ఎల్.బి.నగర్. లాల్ బహదూర్ నగర్ అన్న పూర్తి పేరు ఇప్పుడు కార్యాలయాల బోర్డుల మీదనే కనిపిస్తుంది. నాగార్జునసాగర్ వైపు వెళ్లే దారి కూడా ఈ కూడలిలోనే కలుస్తుంది. అక్కడికి కొద్ది దూరంలో దిల్‌సుఖ్‌నగర్. పోటీ పరీక్షల శిక్షణ కేంద్రాలకు, విద్యార్థుల వసతి గృహాలకు ఆ పేట పెట్టింది పేరు. ఒకే గదిలో నాలుగైదు మంచాలు, మంచం కింద ఇనుప పెట్టె, కిటికీకి ఆరవేసిన బట్టలు, గోడకు అతికించిన సమయపట్టిక. పల్లెనుండి వచ్చిన బిడ్డ తొలిసారి ఒంటరిగా నిద్రించేది ఇక్కడే.

మియాపూర్ నుండి ఎల్.బి.నగర్ వరకు సాగే మెట్రో మార్గంలో అమీర్‌పేట - ఎల్.బి.నగర్ భాగం 2018 సెప్టెంబరులో ప్రారంభమైంది. ఎల్.బి.నగర్‌లో రైలెక్కితే విక్టోరియా మెమోరియల్, చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట, ఉస్మానియా వైద్య కళాశాల, నాంపల్లి దాటి ఇరవయ్యవ స్టేషనుగా ఎర్రగడ్డ వస్తుంది. ఎక్కడా రైలు మారనక్కరలేదు. తెల్లని కోటు మడిచి సంచిలో పెట్టుకొని, ఒళ్లో రికార్డు పుస్తకం తెరుచుకొని కూర్చున్న విద్యార్థిని ఈ రైలులో కనిపిస్తే, ఆమె గమ్యం ఆ ఇరవయ్యవ స్టేషను కావచ్చు.

ఇంటర్మీడియట్ తరువాత నర్సింగ్ విద్యకు ముఖ్యంగా రెండు ద్వారాలున్నాయి. మొదటిది జి.ఎన్.ఎం. అని పిలిచే మూడేళ్ల డిప్లొమా. ఇంటర్మీడియట్ ఏ శాఖలో చదివినవారైనా దీనికి అర్హులే. రెండవది నాలుగేళ్ల బి.ఎస్సీ. నర్సింగ్. దీనికి భౌతిక, రసాయన, జీవశాస్త్రాలతో పాటు ఇంగ్లీషు చదివి ఉండాలి, పదిహేడేళ్లు నిండాలి. పాఠ్యప్రణాళికను, కనీస ప్రమాణాలను 1947 నాటి చట్టం ద్వారా ఏర్పడిన భారత నర్సింగ్ మండలి నిర్ణయిస్తుంది. చదువు ముగిసినంత మాత్రాన నర్సు కారు. రాష్ట్ర నర్సింగ్ మండలిలో పేరు నమోదు కావాలి. ఆ నమోదు సంఖ్య లేనిదే రోగిని తాకే హక్కు లేదు.

చేరేటప్పుడు ఏ విద్యార్థీ మానసిక వైద్యశాలను తలచుకొని చేరదు. ఇంట్లోవారి ఊహలో నర్సు అంటే ఆపరేషను గదిలో వైద్యునికి పరికరాలు అందించే మనిషి, ప్రసూతి వార్డులో బిడ్డను చేతికిచ్చే మనిషి, నాలుగేళ్ల తరువాత విదేశానికి విమానమెక్కే మనిషి. మానసిక ఆరోగ్య నర్సింగ్ అన్న పాఠ్యాంశం బి.ఎస్సీ.లో మూడవ సంవత్సరాన, డిప్లొమాలో రెండవ సంవత్సరాన ఎదురవుతుంది. దానితో పాటు కొన్ని వారాలు మానసిక వైద్యశాలలో శిక్షణ తప్పనిసరి. ఆ వారాల మాట ఇంట్లో చెప్పకుండా దాచిన విద్యార్థినులు కూడా లేకపోలేదు. పెళ్లి సంబంధాలు చూస్తున్న ఇంట్లో ఎర్రగడ్డ పేరు ఎత్తడం ఎందుకని వారి సంకోచం.

తొలిరోజు భయం అందరికీ ఒకటే. వార్డు తలుపు వెనుక తాళం పడుతుంది. లోపలికి వెళ్లేముందు రోగివద్దగానీ తమవద్దగానీ హాని కలిగించే వస్తువేదీ లేదని సరిచూసుకొంటారు. ఇంతవరకు నేర్చిన విద్య అక్కడ అంతగా అక్కరకు రాదు. కట్టుకట్టడానికి గాయం లేదు, సూది మందుకు నరం వెదకనక్కరలేదు. మంచం మీద కూర్చున్న మనిషి గోడవైపు చూస్తూ ఉంటాడు. అతనితో మాట్లాడాలి. ఏమని?

ఈ ప్రశ్నకు శాస్త్రబద్ధంగా జవాబు వెదికిన వ్యక్తి అమెరికాకు చెందిన నర్సు హిల్డెగార్డ్ పెప్లా. నర్సుకూ రోగికీ నడుమ ఏర్పడే సంబంధమే చికిత్సకు సాధనమని ఆమె 1952లో ప్రచురించిన గ్రంథంలో ప్రతిపాదించారు. పరిచయం, కలిసి పనిచేయడం, ముగింపు అన్న దశలు ఆ సంబంధానికి ఉంటాయని ఈనాటి పాఠ్యగ్రంథాలు ఆమె బాటలోనే బోధిస్తున్నాయి. చిత్రమేమంటే క్లోర్‌ప్రొమజీన్ అనే మందును పారిస్‌లో మానసిక రోగులకు తొలిసారిగా వాడి ఫలితం చూసినది కూడా 1952లోనే. నిజాం రాజ్యంలోని జాల్నాలో 1895లో మొదలైన మానసిక వైద్యశాల ఎర్రగడ్డలోని ఇప్పటి ఆవరణకు చేరినది ఆ మరుసటి ఏడు, 1953లో. తెలుగు నేలమీద ఇంతకన్నా పాతది విశాఖపట్నంలో 1871లో ఏర్పడింది. మందు, మాట రెండూ ఒకే కాలంలో రోగి మంచం దగ్గరకు వచ్చాయి. మందుకు త్వరలోనే పేరు వచ్చింది. మాట నేర్చుకోవడానికి ఎక్కువకాలం పట్టింది.

మాట నేర్చుకోవడమంటే ముందుగా కొన్ని మాటలు మానుకోవడం. 'ఏం కాదులే', 'అంతా సర్దుకుంటుంది', 'దేవుడి మీద భారం వెయ్యి' అని తెలుగు ఇళ్లలో రోజూ అనుకొంటాం. అవి ప్రేమతో అనే మాటలే. నిద్రలేక, తిండి సహించక, బతుకు మీద ఆశ సన్నగిల్లిన మనిషికి మాత్రం ఆ మాటలు తలుపు మూసిన చప్పుడులా వినిపిస్తాయి. తాను చెప్పబోయే దానిని వినడానికి ఎదుటివారు సిద్ధంగా లేరని అతనికి అర్థమవుతుంది. కొత్త నర్సు చేసే తొలి పొరపాటు ఇదే. పక్కన కుర్చీ వేసుకొని పది నిమిషాలు ఏమీ మాట్లాడకుండా కూర్చోవడం ఇంతకన్నా కష్టమైన పని. మన ఇళ్లలో మౌనాన్ని అలకగానో కోపంగానో భావిస్తారు కనుక ఈ అభ్యాసం విద్యార్థినులకు మరింత కఠినంగా తోస్తుంది.

రెండవ పొరపాటు వాదం. 'నా అన్నంలో విషం కలిపారు' అని రోగి పళ్లెం నెట్టివేస్తాడు. 'ఎవరు కలుపుతారు? మేము అలాంటివాళ్లమా?' అని కొత్త నర్సు నొచ్చుకొంటుంది. భ్రమ వాదంతో తొలగేది కాదు. పైగా వాదించేకొద్దీ ఆమె కూడా శత్రువుల జాబితాలో చేరుతుంది. 'నిజమే, కలిపారు' అని ఒప్పుకొన్నా ముప్పే. అనుభవం గల నర్సు అతని నమ్మకాన్ని వదిలి అతని భయాన్ని పట్టుకొంటుంది. 'అలా అనిపిస్తే భయంగానే ఉంటుందన్నా. నాకు మాత్రం ఇందులో అటువంటిదేమీ కనిపించడం లేదు. కాసేపు ఇక్కడే కూర్చుంటాను' అంటుంది. తొక్క తీయని అరటిపండు అతని ముందు ఉంచుతుంది. తన చేతితో తాను ఒలుచుకొన్న పండులో విషం ఉంటుందని శంకించడం కష్టం. ఎవరికీ వినిపించని గొంతులు వినిపిస్తున్నాయనే రోగి విషయంలోనూ పద్ధతి ఇదే. ఆ గొంతులు ఏమంటున్నాయని నర్సు అడిగి తీరాలి. తనకుగానీ పరులకుగానీ హాని చేయమని అవి ఆజ్ఞాపిస్తూ ఉంటే ఆ సంగతి వైద్యునికి వెంటనే తెలియాలి.

ఈ సంభాషణలను విద్యార్థులు అక్షరం పొల్లుపోకుండా రికార్డులో రాయాలి. రోగి అన్నమాట ఒకవైపు, తాము అన్నమాట మరొకవైపు, ఆ క్షణాన తమలో కలిగిన భావం, దాని విశ్లేషణ. మాట్లాడేది తెలుగు, రాసేది ఇంగ్లీషు. ఇక్కడ ఒక చిక్కు వస్తుంది. 'పానం మంచిగ లేదు', 'బుగులైతుంది', 'గుండె దడదడమంటోంది', 'గాలి సోకింది', 'మనసు మనసులో లేదు' అని రోగులు చెప్పుకొంటారు. ఈ మాటలన్నీ రికార్డులోనికి ఎక్కేసరికి ఒకే ఇంగ్లీషు పదంగా మారిపోతాయి. 'బుగులు' అన్నప్పుడు ఆ మనిషి చెప్పదలచినది రాబోయే ఆపదను గురించిన భయమా, ఒంటరితనమా, రాత్రి అంటేనే వెరపా అన్నది ఆ పదంలో మిగలదు. నల్లగొండ పల్లెలో పుట్టి దిల్‌సుఖ్‌నగర్ వసతి గృహంలో చదివిన నర్సుకు ఈ విషయంలో ఏ పాఠ్యగ్రంథమూ ఇవ్వలేని బలం ఉంది. అమ్మమ్మ నోట విన్న మాట రోగి నోట వినగానే ఆమెకు అర్థం తడుతుంది. మార్కులకు లెక్కరాని విద్య ఇది.

వరసలు కలపడంలోనూ ఇటువంటి మేలే ఉంది, చిక్కూ ఉంది. రోగి నర్సును 'సిస్టరమ్మా' అనో 'బిడ్డా' అనో పిలుస్తాడు. ఆమె 'అన్నా', 'పెద్దమ్మా' అని బదులు పలుకుతుంది. గారూ మీరూ అన్న మర్యాదతో తెరుచుకోని తలుపు ఒక్క 'పెద్దమ్మా' అన్న పిలుపుతో తెరుచుకొంటుంది. అయితే పెప్లా చెప్పిన సంబంధానికి ముగింపు ఉంది. మన వరసలకు ముగింపు లేదు. డిశ్చార్జి అవుతున్న పెద్దమ్మ నర్సు ఇంటి చిరునామా అడుగుతుంది, పండుగకు వస్తానంటుంది. ఆమె మనసు నొప్పించకుండా, చిరునామా ఇవ్వకుండా పంపడం ఉద్యోగంలో చేరిన తొలి ఏటిలో నేర్వవలసిన విద్యలలో ఒకటి. అందుకు సిద్ధం చేయడం చివరిరోజున కాక మొదటిరోజునే ఆరంభం కావాలని శాస్త్రం చెబుతుంది.

సినిమాలు చూసి ఏర్పడిన భయాలు వార్డులో ఒక్కొక్కటిగా తొలగుతాయి. విద్యుత్ చికిత్సకు భీకరమైన పేరుంది. నేటి చట్టం ప్రకారం మత్తుమందు, కండరాలను సడలించే మందు ఇవ్వకుండా దానిని చేయరాదు. నర్సు పని ముందురాత్రే మొదలవుతుంది. రోగి కడుపు ఖాళీగా ఉండేటట్లు చూడాలి, పెట్టుడు పళ్లుంటే తీయించాలి. చికిత్స ముగిసి కళ్లు తెరిచే క్షణంలో రోగికి తానెక్కడ ఉన్నదీ తోచదు. 'మీ పేరు ఫలానా. ఇది ఆసుపత్రి. ఇవాళ మంగళవారం' అని నెమ్మదిగా చెప్పే గొంతు అప్పుడు పక్కన ఉండాలి.

చట్టం ఇక్కడివరకు రావడానికి మూల్యం చెల్లించినవారు ఉన్నారు. తమిళనాడులోని రామనాథపురం జిల్లా ఏర్వాడిలో 2001 ఆగస్టు 6న ఒక ప్రైవేటు ఆశ్రమానికి నిప్పంటుకొంది. గొలుసులతో కట్టివేసి ఉన్నందున తప్పించుకోలేక 28 మంది మానసిక రోగులు మరణించారు. 1912 నాటి చట్టం మనోరోగిని ఉన్మత్తునిగానే చూసింది. దాని స్థానంలో 1987లో మరొక చట్టం, దాని తరువాత 2017లో మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వచ్చాయి. ఈ చివరి చట్టం 2018 నుండి అమలులో ఉంది. దీని ప్రకారం ఏ రోగినీ ఏ విధంగానూ గొలుసులతో బంధించరాదు. తక్షణ ప్రమాదాన్ని తప్పించడానికి వేరే మార్గమే లేనప్పుడు మాత్రమే, బాధ్యుడైన మానసిక వైద్యుని అనుమతితో, అవసరమైనంతసేపు మాత్రమే రోగిని నిరోధించవచ్చు. కారణమూ, పద్ధతీ, కాలమూ కేసు షీటులో రాయాలి. శిక్షగా కట్టరాదు. సిబ్బంది తక్కువగా ఉన్నారన్న కారణంతోనూ కట్టరాదు.

ఈ చివరి వాక్యం బరువు తెలిసేది రాత్రి డ్యూటీలోనే. వార్డు నిండా రోగులు, నర్సు ఒక్కతె, తోడుగా ఒక ఆయా. అర్ధరాత్రి ఒకరు తలుపు బాదుతూ ఉంటారు, మరొకరు ఏడుస్తూ ఉంటారు. ఎక్కడైనా అటువంటి రాత్రి తటస్థించవచ్చు. చట్టం రాసిన చేయి పగటిపూట రాసింది. దానిని పాటించవలసిన చేయి రాత్రి రెండు గంటలవేళ పాటించాలి. తలుపు బాదే మనిషి దగ్గరకు వెళ్లి, చేతికి అందనంత దూరంలో నిలబడి, గొంతు తగ్గించి, అతనికి ఏమి కావాలో అడగడం తొలి మెట్టు. చాలాసార్లు అతనికి కావలసినది మంచినీళ్లే అయి ఉంటుంది.

మందులు ఇవ్వడం కూడా పైకి కనిపించినంత తేలిక కాదు. మాత్ర నాలుక కింద దాచుకొని తరువాత ఉమ్మివేసే రోగులుంటారు. నోరు తెరిపించి చూడాలి, అవమానం తోచకుండా చూడాలి. లిథియం వాడేవారి రక్తంలో ఆ మందు మోతాదు కొద్దిగా పెరిగినా విషమవుతుంది. రోహిణీ కార్తె ఎండల్లో చెమట పట్టి ఒంట్లో నీరు తగ్గితే ఆ ప్రమాదం ఎక్కువ. చేతులు బాగా వణకడం, వాంతులు, విరేచనాలు, తూలుతూ నడవడం కనిపిస్తే మరుసటి మోతాదు ఇవ్వకుండా వైద్యునికి చెప్పాలి. క్లోజపైన్ తీసుకొనే రోగికి జ్వరం, గొంతునొప్పి వస్తే మామూలు పడిశమని వదలరాదు. తెల్లరక్తకణాలు పడిపోతున్నాయేమో పరీక్ష చేయించాలి. వైద్యుడు రోజులో కొద్ది నిమిషాలు చూస్తాడు. మిగిలిన గంటలన్నీ చూసేది నర్సే.

ఏడాది, రెండేళ్లు గడిచేసరికి పై చదువుల ఆలోచన వస్తుంది. ఎం.ఎస్సీ. నర్సింగ్ రెండేళ్ల కోర్సు. అందులో ఉన్న అయిదు ప్రత్యేక శాఖలలో మానసిక ఆరోగ్యం ఒకటి. బి.ఎస్సీ.లో కనీసం 55 శాతం మార్కులు, నమోదైన నర్సుగా ఒక సంవత్సరం అనుభవం ఉండాలన్నది మండలి నియమం. డిప్లొమా చదివినవారు రెండేళ్ల పోస్ట్ బేసిక్ బి.ఎస్సీ. పూర్తి చేసి ఈ మార్గంలోనికి రావచ్చు; లేదా మానసిక నర్సింగ్‌లో ఏడాది ప్రత్యేక డిప్లొమా చేయవచ్చు. తెలంగాణలో 2014 తరువాత ఏర్పడిన కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం వరంగల్ కేంద్రంగా ఈ ప్రవేశాలు నిర్వహిస్తున్నది. అంతకుముందు ఇక్కడివారు విజయవాడలోని ఆరోగ్య విశ్వవిద్యాలయం వైపు చూసేవారు. బెంగళూరులోని నిమ్‌హాన్స్ 1974లో ఆ పేరుతో ఏర్పడింది. అంతకుముందే, 1950లలోనే, అక్కడి మానసిక ఆరోగ్య సంస్థలో మానసిక నర్సింగ్ శిక్షణ మొదలైంది. దేశం నలుమూలల నుండి వచ్చేవారితో పోటీపడి అక్కడ సీటు సంపాదించడం సులభం కాదు. దిల్‌సుఖ్‌నగర్ గదులలో మళ్లీ సమయపట్టికలు గోడకెక్కుతాయి. పగలు పుస్తకం, రాత్రి డ్యూటీ. ఒక ఏడాది అనుభవమన్న నియమాన్ని కాలయాపనగా భావించేవారున్నారు. వార్డులో ఒక్క రాత్రి గడిపినవారు ఆ మాట అనరు.

ఈ విద్య ఆసుపత్రి గోడల మధ్యనే నిలిచిపోయేది కాదు. నిమ్‌హాన్స్ 2015-16లో పన్నెండు రాష్ట్రాలలో జరిపిన జాతీయ సర్వేలో, వయోజనులలో ప్రతి వందమందికి సుమారు పదకొండుమంది ఏదో ఒక మానసిక రుగ్మతతో బాధపడుతున్నారని తేలింది. వారిలో చికిత్స అందనివారే అత్యధికులు. దిల్‌సుఖ్‌నగర్‌కు ఈ లెక్క కొత్త కాదు. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం అక్కడి బస్ స్టాపుల వద్ద జరిగిన రెండు బాంబు పేలుళ్లలో 18 మంది మరణించారు, వందమందికి పైగా గాయపడ్డారు. శరీరానికి తగిలిన గాయాలకు ఆసుపత్రులలో కట్లు కట్టారు. పెద్ద శబ్దం వింటే ఉలిక్కిపడటం, ఆ దారిన నడవలేకపోవడం, అదే దృశ్యం కలలో మళ్లీ మళ్లీ కనిపించడం వంటివి అటువంటి ఘటనల తరువాత నెలల తరబడి, ఏళ్ల తరబడి వేధించగలవు. ఈ గాయాలకు కట్టు కనిపించదు కనుక అడిగేవారూ తక్కువ.

విద్యార్థుల సంగతి ఇంకా దగ్గరిది. 2019 ఏప్రిల్‌లో ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడిన తరువాత తెలంగాణలో ఇరవైమందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకొన్నారు. అటువంటి ప్రయత్నం చేసి బ్రతికినవారిని నేరస్థులుగా కాక, తీవ్రమైన ఒత్తిడికి లోనైనవారిగా పరిగణించి సంరక్షణ అందించాలని 2017 నాటి చట్టం చెబుతున్నది. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలిమానస్ సేవకు 14416 సంఖ్య ద్వారా ఏ వేళనైనా, తెలుగులోనే ఫోను చేయవచ్చు. వసతి గృహంలో పక్క మంచం మీది స్నేహితురాలు నాలుగు రోజులుగా అన్నానికి రావడం లేదని, ఇష్టమైన వస్తువులు ఇతరులకు ఇచ్చివేస్తున్నదని గమనించేది ముందుగా తోటివారే. 'చచ్చిపోవాలనిపిస్తోందా?' అని సూటిగా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్లవుతుందని చాలామంది జంకుతారు. అది అపోహ. అడిగినందువల్ల ఆలోచన పుట్టదు. అడిగినవారితో చెప్పుకొనే వీలు కలుగుతుంది. నర్సింగ్ విద్యార్థికి మూడవ ఏట నేర్పే ఈ ప్రశ్న అడగడానికి తెల్లకోటు అవసరం లేదు.

ఎల్.బి.నగర్ కూడలిలో సాయంత్రం ఆరు గంటలవేళ నిలబడితే సూర్యాపేట బస్సుల కోసం ఎదురుచూసే జనం కనిపిస్తారు. డ్యూటీ ముగించుకొని మెట్రో మెట్లు దిగి వచ్చే యువనర్సుకు ఆ గుంపులో ఒక ముఖం తెలిసినట్లు తోస్తుంది. ఆరు నెలల క్రితం గోడవైపు చూస్తూ కూర్చున్న మనిషి ఇతడే. తొక్క తీయని అరటిపండు అందుకొన్న చేయి ఇదే. ఇప్పుడు ఇస్త్రీ చొక్కా వేసుకొన్నాడు, చంకలో బిడ్డ ఉంది, పక్కన ఎవరో బంధువులున్నారు. పలకరించాలని ఆమె నోటిదాకా వస్తుంది. ఆమె ఎవరో ఆ బంధువులు అడిగితే అతడు ఏమని చెబుతాడు? రోగి వివరాలను గోప్యంగా ఉంచడం చట్టం అతనికిచ్చిన హక్కు. అతడు పలకరిస్తే బదులు పలకాలి. పలకరించకపోతే ముక్కు మొగం తెలియనట్లే సాగిపోవాలి. ఆమె సంచి భుజం మార్చుకొని, చైతన్యపురి వైపు వెళ్లే ఆటో కోసం చేయి ఎత్తుతుంది.

ప్రశ్నలు

ఇరవై పంక్తులలో సమాధానం రాయండి.
కొత్తగా ఉద్యోగంలో చేరిన నర్సు రోగితో సంభాషించేటప్పుడు చేసే పొరపాట్లను, వాటిని సరిదిద్దుకొనే తీరును పాఠం ఆధారంగా వివరించండి.

పది పంక్తులలో సమాధానం రాయండి.
'బుగులు' వంటి మాటలు ఇంగ్లీషు రికార్డులోనికి మారినప్పుడు ఏమి నష్టపోతాయి? మీ ప్రాంతంలో మనసు బాధను తెలిపే మరికొన్ని మాటలు సేకరించి, వాటి అర్థఛాయలను తెలపండి.

సందర్భసహిత వ్యాఖ్య రాయండి.
'సిబ్బంది తక్కువగా ఉన్నారన్న కారణంతోనూ కట్టరాదు.'